లోలకము తెలిపిన లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



అట్లతద్దినాడు చెట్టుకొమ్మకు ఊయెల కట్టి ఊగుట ఎరుగని వారుండరు. ఊయెల ఒకవైపు పైకి పోయి, క్షణమాత్రము నిలిచి, వెనుకకు మరలును. నడుమకు వచ్చునప్పటికి వేగము మిక్కుటమగుటచే అచట ఆగజాలక రెండవవైపునకు పోవును. నడిమి స్థానమునుండి ఎంత దూరము తొలగిన, దానిని వెనుకకు లాగు బలమును అంత హెచ్చును. ఇట్టి నియమమునకు లోబడిన చలనమును శాస్త్రజ్ఞులు సరళ హరాత్మక చలన మందురు.

ఈ చలనమున నొక వింత కలదు. దూరము హెచ్చిన కొలది లాగు బలమును హెచ్చుటచే, ఎక్కువ దూరము పోయినది ఎక్కువ వేగముతో మరలును. కావున చిన్న ఊపునకును పెద్ద ఊపునకును పట్టు కాలమొక్కటియే. వీణతంత్రిని మెల్లగా మీటినను గట్టిగా మీటినను నాదము హెచ్చుతగ్గులగును గాని స్వరస్థానము మారకుండుటకు కారణ మిదియే.

ఇటలీ దేశీయుడగు గెలీలియో (1564–1642) పీసా నగరపు చర్చిలో వ్రేలాడు దీపపు ఊపును తన నాడితో సరిచూచెనని చెప్పుదురు. ఆ కథ ఎట్లున్నను, 1602లో ఆయన వ్రాసిన యొక లేఖలో ఈ సంగతి ప్రస్తావింపబడినది. దారమునకు కట్టిన గుండు బరువైనను తేలికైనను ఊపుకాలము మారదు. దారము పొడవు నాలుగింతలైనచో కాలము రెండింతలగును. 1656లో హాలండు దేశీయుడగు క్రిస్టియాన్ హైగెన్సు ఈ గుణము నాధారముగా గొని లోలక గడియారమును కల్పించెను. అంతకుముందు దినమునకు పావుగంట తప్పుచుండిన గడియారములు, అటుపిమ్మట ఒక నిమిషమైనను తప్పకుండ నడువసాగెను.

అయితే ఊయెల విషయమున నీ నియమము చిన్న ఊపులకే చెల్లును. లోలకమును 30 డిగ్రీలు లాగి విడిచినచో కాలము నూటికి సుమారు 1.7 వంతు హెచ్చును. హైగెన్సు ఈ స్వల్పభేదమును ఉపేక్షింపక, 1673లో ప్రకటించిన తన గ్రంథమున దానికి పరిహారమును చూపెను.

స్వల్పభేదమును ఉపేక్షింపకుండుట ఎంత ఫలమిచ్చునో వినుడు. 1672లో ఫ్రెంచి పండితుడగు రిషే గ్రహములను పరిశీలించుటకై దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు చేరువనున్న కయెన్ పట్టణమునకు పోయెను. పారిసులో సరిగా నడచిన గడియారము అచట దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడెను. దినమునకు 1,440 నిమిషములు. అనగా 576 పాళ్ళలో ఒక్క పాలు! కాలము సరిపడుటకు లోలకమును అంగుళములో సుమారు పదవవంతు కురుచ చేయవలసి వచ్చెను.

ఎండవేడిమికి లోహము సాగినదని సరిపెట్టుకొనవచ్చును. కాని వేడిమి కలిగించు మార్పు అంత యుండదు. 1687లో న్యూటను దీని రహస్యమును విప్పెను. భూమి సరియైన బంతి కాదు. తన చుట్టు తాను తిరుగుటచే నడుమ ఉబ్బి, ధ్రువములయొద్ద అణగియున్నది. భూమధ్యరేఖయొద్ద ఆకర్షణ కొంత తగ్గుటచే లోలకము మెల్లగా ఊగును. భూకేంద్రమునుండి భూమధ్యరేఖకు 6,378 కిలోమీటర్లు, ధ్రువమునకు 6,357 కిలోమీటర్లు అని నేటి కొలతలు తెలుపుచున్నవి. ఆ 21 కిలోమీటర్ల భేదమును ముందుగా సూచించినది ఆ రెండున్నర నిమిషములే.

ఈ పనికై ప్రాణము లర్పించినవారును కలరు. భారతదేశపు సర్వేలో కెప్టెన్ బసేవి 1865 మొదలుకొని కన్యాకుమారి చెంతనుండి హిమాలయములవరకు పలుచోట్ల లోలకపు ఊపులను లెక్కించెను. 1871లో లడఖ్ ఎత్తుప్రదేశములందు ఆ పనిమీద నుండగనే మరణించెను. అంతటి పర్వతరాశికి తగినంత ఆకర్షణ అచట లేదని ఆయన లెక్కలు తెలుపగా, పర్వతముల అడుగున తేలికయగు ద్రవ్యమున్నదను అభిప్రాయమునకు బలము చేకూరెను.

చిట్టాలో దమ్మిడీ తేడా కనబడినప్పుడు నిజమైన లెక్కరి దానిని చిల్లర ఖర్చులలో కలిపివేయడు. అది ఎచటినుండి వచ్చినదో వెదకును. రిషే తన గడియారమును నిందించి ఊరకుండినచో ఆ సాక్ష్యము ఆనాడు లోకమునకు దక్కకపోయెడిది.

బాలబాలికలారా! గజముమీద మూడంగుళముల దారమునకు చిన్న రాయి కట్టి మెల్లగా ఊపుడు. నిమిషమునకు ముప్పది రాకపోకలు లెక్కకు వచ్చును. ఒకటి తక్కువైనచో తప్పుగా వచ్చెనని పారవేయక, ఏల తగ్గెనో విచారింపుడు. ఈ గ్రంథాలయమున పుస్తకములున్నది అందుకే.

స్వస్తి.