పడవ బాటరీ: ఒడ్డున చేయవలసిన కాపుదల

(తీర గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రచార శాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)

 

ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మన తూర్పు తీరమున మరపడవలకు సముద్రపు వేట నిషేధము. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే ఈ నియమము ఏర్పడినది. ఆ రెండు నెలలలో వలలు బాగుచేసికొందురు, పడవలకు రంగులు వేయుదురు. బాటరీ మాట మాత్రము పలువురు మరతురు. అది సముద్రముమీద చెడునని మనము తలంతుము. తరచు అది చెడునది ఒడ్డుననే. ఈ సంగతి మీకు విన్నవించుటకే నేను వచ్చితిని.

వాడకున్నను బాటరీలోని శక్తి దినదినము కొంత తరుగుచుండును. ఎండకాలమున మరింత త్వరగా తరుగును. అట్లు తరిగినదానిని వదలివేసినచో, సీసపు పలకలపై తెల్లని పదార్థము గట్టిపడును. తరువాత ఎంత చార్జి చేసినను పూర్వపు బలము రాదు. నిషేధము తీరిననాడు ఇంజను ఒకసారి నడచినంతనే బాటరీ బాగున్నదని సరంగు నమ్మును. నడిసముద్రమున ఇంజను ఆగి, మరల నడపబోవునపుడు దాని బలహీనత బయటపడును. దీపము వెలుగదు, వైర్‌లెస్సు పలుకదు. తుపాను హెచ్చరిక వెలువడినను వినుటకు సాధనముండదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన తీరవాసులకు హెచ్చరిక విలువను నేను చెప్పనక్కరలేదు.

కాపుదల కష్టము కాదు. పడవ కట్టివేసిననాడే బాటరీని విప్పవలెను. మొదట నెగటివు తీగను, పిదప పాజిటివు తీగను తీయవలెను. బిగించునపుడు ముందు పాజిటివు తీగను బిగింపవలెను. గాలియాడు నీడపట్టున ఉంచి, నెలకొకసారి నిండుగ చార్జి చేయింపవలెను. చార్జి అయి కొన్ని గంటలు గడచిన పిదప 12 వోల్టుల బాటరీ సుమారు 12.6 వోల్టులు చూపవలెను, 12.4కు దిగినచో మరల చార్జి చేయవలెను. చార్జి అగునపుడు మండు స్వభావముగల హైడ్రోజను వాయువు వెలువడును; చేరువలో బీడీ, చుట్ట, దీపము కూడదు. మూతలుగల బాటరీలో నీరు తగ్గినచో డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. బావినీరుగాని, ఆమ్లముగాని పోయరాదు. ఉప్పునీరు లోనికి పోయినచో విషవాయువగు క్లోరిను పుట్టగలదు.

చార్జి నిండినను ఇంజనును త్రిప్పలేనిది, పెట్టె ఉబ్బినది, పగిలినది, ఒక అరలోని ఆమ్లపు సాంద్రత తక్కిన అరలకంటె మిక్కిలి తగ్గినది - ఇట్టి బాటరీని మార్చవలసినదే. క్రొత్తదాని వోల్టులు పాతదానికి సమానముగను, ఆంపియరు-గంటలు తక్కువ కాకుండను చూచుకొనవలెను. పాతదానిని క్రొత్తదానితో జతచేసినచో క్రొత్తదియు త్వరలో పాడగును. పడవ ఎంత ఊగినను కదలకుండ పట్టీలతో బిగించి, అడుగున చేరు నీటికి అందని ఎత్తున నిలుపవలెను.

తీసివేసిన బాటరీని పెరటిలో పారవేయరాదు. దానిని పగులగొట్టి, సీసము కరగించి వలలకు గుండ్లు పోయుట మరింత కీడు. ఆ పొగయు, ధూళియు పసిపిల్లల మెదడునకు తీరని హాని చేయును. 2022లో వెలువడిన బాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము, పాతవాటిని తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులపై ఉన్నది. క్రొత్తది కొన్నప్పుడే పాతదానిని దుకాణమున అప్పగించుట మేలు.

ఇందు పంచాయతీ చేయదగిన పని మూడు విధములు. ఏప్రిల్ 15కు ముందే గ్రామమున చాటింపు వేయించుడు. ఒక చార్జరును, వోల్టు మీటరును, హైడ్రామీటరును ఉమ్మడిగా సమకూర్చి, నెలకొక దినమును చార్జి చేయుటకు నిర్ణయింపుడు. జూన్ మొదటి వారమున ప్రతి పడవ బాటరీని పరీక్షింపించుడు. వేటకు పోయినవారు తిరిగివచ్చువరకు ఒడ్డున కాచుకొనియుండు కుటుంబములకు మీరు చేయగల మేలు ఇది.