చిత్రంతో పాటు చరిత్ర
(జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీర్ణోద్ధరణ గోపురానికి, ప్రాకారానికి మాత్రమే పరిమితం కాదు. ఆలయపు జ్ఞాపకాలను కూడా ఉద్ధరించుకోవలసి ఉన్నది. మన పూర్వులు దానమిచ్చినపుడు దాత పేరు, శకవర్షం, తిథి, భూమి ఎల్లలు శిలపై చెక్కించేవారు. ఆ శాసనం చెరిగిపోతే మాన్యం ఎవరిదో తేల్చడం దుర్లభం. ఛాయాచిత్రానికి సైతం దాని వివరమే శాసనం.

లేపాక్షి వీరభద్రాలయాన్ని స్మరించండి. 16వ శతాబ్దిలో, విజయనగర ప్రభువుల కాలంలో నిర్మితమైన ఆ కోవెల మండపాల పైకప్పులపై పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, వటపత్రశాయి మొదలైన వర్ణచిత్రాలున్నవి. గత శతాబ్దిలో ఇటువంటి చిత్రాలను ఎందరో రంగు స్లైడ్లుగా తీశారు. గోడపై పెచ్చులూడిన భాగానికి ఒక్కొక్కచోట ఆ స్లైడే సాక్షి. అయితే స్లైడుకూ జర తప్పదు. రంగులు వెలిసిపోతాయి, తేమకు బూజు పడుతుంది. కోడాక్ సంస్థ స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీని 2004లో, కోడాక్రోమ్ ఫిల్మును 2009లో ఆపివేసింది.

24×36 మిల్లీమీటర్ల స్లైడును అంగుళానికి 4000 బిందువుల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 2 కోట్ల 14 లక్షల బిందువుల ప్రతి వస్తుంది. ఇది యంత్రం చేసే పని. మనుష్యులు చేయవలసినది వేరే ఉన్నది. స్లైడు చట్రంపై వ్రాసిన ఊరు, తేదీ, మండపం, దిక్కు ముందుగా ఎత్తి వ్రాసుకోవాలి. చట్రాన్ని కూడా ఫొటో తీయాలి. స్లైడు సంఖ్యనే ఫైలు పేరులో ఉంచాలి.

స్లైడును తిరగవేసి స్కాన్ చేస్తే కుడి ఎడమలు మారుతాయి. విష్ణువు చతుర్వింశతి మూర్తులకు భేదం శంఖ, చక్ర, గదా, పద్మాల క్రమాన్ని బట్టియే కదా! చేతులు తారుమారైతే స్వామి నామమే మారిపోతుంది. దిక్కును వ్రాసి ఉంచిన ఒక్క పంక్తి ఆ పొరపాటును నివారిస్తుంది.

వివరాన్ని ఫైలులోనే పొదిగే పద్ధతి కలదు. దానిని మెటాడేటా అంటారు. దానిని యూనికోడ్ తెలుగులో వ్రాయాలి. పాత ఫాంట్లలో వ్రాసినది మరొక కంప్యూటరులో అర్థంకాని గుర్తులుగా కనిపించవచ్చు. చిత్రాన్ని కుదించి పంపేటపుడు ఈ వివరం జారిపోవడం కద్దు. అందుచేత అదే వివరాన్ని వేరొక పట్టికలోనూ, కాగితంపైనా ఉంచాలి. మూలప్రతులు మూడు ఉండాలి. వాటిలో ఒకటి వేరే ఊరిలో ఉండుట మేలు.

తెలిసినది తెలిసినట్లు, ఊహను ఊహగా వ్రాయాలి. ఎవరు చెప్పారో కూడా వ్రాయాలి. స్లైడును మరుసటి సంవత్సరం స్కాన్ చేయవచ్చును. కాని అందులోని ఉత్సవమూర్తినీ, మండపాన్నీ చూడగానే పోల్చగల వృద్ధులు మనకు ఎల్లకాలం ఉండరు. వారి ప్రక్కన కూర్చుని వ్రాసుకొనుట ధనవ్యయం లేని దానం.

దాతలారా! మీ ఇండ్లలో పాత స్లైడ్లు, ఫొటోలు ఉంటే, వాటితో పాటు వాటి కథను కూడా ఆలయానికి సమర్పించండి. రాబోవు తరం మరల జీర్ణోద్ధరణకు పూనుకొన్ననాడు, ఏ రంగు ఎక్కడ ఉండెనో వారికి చెప్పవలసినది ఆ అక్షరాలే. స్వస్తి.