చంద్రుడి మీద కాటా

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు తూచే ముందు రైతు కాటా సరిచూడమంటాడు. తెలిసిన బరువు పెట్టి చూస్తేగాని నమ్మడు. కంపనాలు కొలిచే పరికరాలతో పనిచేసే నాదీ అదే గొడవ.

1967 మార్చి 27న ఒంగోలు భూకంపం వచ్చిందా అంటే మన పెద్దల్ని అడిగితే చాలు. చంద్రుడి మీద అడగడానికి ఎవరున్నారు?

చంద్రయాన్-3లో వెళ్లిన ఇల్సా బెంగళూరు లియోస్ ప్రయోగశాలలో తయారైంది. అందులో ఆరు సిలికాన్ యాక్సెలరోమీటర్లు. అక్కడి గురుత్వం మనదాంట్లో ఆరో వంతు. మరి ఇక్కడెలా పరీక్షించడం? ఇలాంటి సెన్సర్లకు పాత ఉపాయం ఒకటుంది: వాల్చడం. అడ్డంగా పెట్టి ఒక కొస తొమ్మిదిన్నర డిగ్రీలు ఎత్తితే, దాని పొడవునా పడే గురుత్వం ఆరో వంతే. మాస్టారు వాలుతలం లెక్కలు అన్నిసార్లు చేయించింది ఇందుకే కాబోలు!

అక్కడ దిగాక తూనికరాళ్లు ఉండవు. అయితే 2023 ఆగస్టు 25న ప్రజ్ఞాన్ రోవర్ కదలికలు ఇల్సాలో నమోదయ్యాయి. ఆ కుదుపులు ఎప్పుడు, దేనివల్ల వచ్చాయో తెలుసు. మర్నాడు ఇంకో కుదుపు. అది సహజమైనదిగా కనిపిస్తోందని ఇస్రో చెప్పింది. రోవర్ ఆనవాలు తెలియకుంటే ఆ మాట అనడం కష్టమయ్యేదని నా నమ్మకం.

మీ ఫోన్లోనూ ఇలాంటి బుల్లి సెన్సరే ఉంది. భోజనాలయ్యాక సైన్సు ల్యాబులో వాల్చి చూపిస్తాను, రండి.