ఆమెకు ఆదివారం ఎప్పుడు?



స్త్రీల మీద వివక్ష అనగానే మనకు వార్తల్లో వచ్చే ఘోరాలే గుర్తుకొస్తాయి. కట్నం చావులు, అత్యాచారాలు, యాసిడ్ దాడులు. అవి జరిగినప్పుడు ప్రార్థన చేస్తాం, కొవ్వొత్తులు పట్టుకుని నడుస్తాం. అది చేయవలసిందే. అయితే ఈరోజు మనం మాట్లాడుకోబోయేది పేపర్లో రాని వివక్ష గురించి. దాని మీద ఎవరూ కేసు పెట్టరు. ప్రార్థన విన్నపాల్లో కూడా ఎవరూ చెప్పరు. ఎందుకంటే అది ప్రతిరోజూ, మన ఇళ్లలోనే, ఒకరినొకరు ప్రేమించుకునే మనుషుల మధ్యనే జరుగుతుంది.

2012లో బ్రిటన్‌లో లారా బేట్స్ అనే రచయిత్రి ఒక వెబ్‌సైటు తెరిచి, ఆడవాళ్లను తమకు రోజూ ఎదురయ్యే వివక్ష గురించి రాయమని అడిగింది. చిన్నదైనా సరే, రాయమంది. వేలాది మంది రాశారు. ఒక్కొక్కటి విడిగా చూస్తే కొన్ని చిన్నవే. అన్నీ కలిపి చదివితే మాత్రం గుండె బరువెక్కుతుంది. మన తెలుగు క్రైస్తవ ఇళ్లలో అలాంటి జాబితా రాస్తే ఏముంటుంది? ఆదివారంతో మొదలుపెడదాం.

ఆదివారం అందరికన్నా ముందు లేచేది ఎవరు? టిఫిన్ చేసి, పిల్లలకు స్నానాలు చేయించి, భర్త చొక్కా ఇస్త్రీ చేసి, మధ్యాహ్నం కూరకు మసాలా నూరిపెట్టి, చివరికి తన చీర హడావిడిగా చుట్టుకుని, ఆరాధనకు ఆలస్యమైందని మాట పడేది ఎవరు? గుడి నుంచి వచ్చాక మగవాళ్లు ఫ్యాను కింద కూర్చుని ప్రసంగం బాగుందా లేదా అని మాట్లాడుకుంటారు. ఆమె తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్తుంది. ప్రేమవిందు ఉన్న రోజు అయితే ఇంటి గిన్నెలతో పాటు గుడి గిన్నెలు కూడా ఆమెవే.

ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో మన దేశంలో ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఇంటిపనిలో చెయ్యి పెట్టే పురుషులు పెడుతున్నది 88 నిమిషాలు. అసలు చెయ్యే పెట్టని పురుషులు ఈ లెక్కలో లేరు. తేడా రోజుకు 201 నిమిషాలు. వారానికి కూడితే 23 గంటలు దాటుతుంది. అంటే దాదాపు ఒక పూర్తి రోజు.

ఇప్పుడు పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినపు ఆజ్ఞను గుర్తుచేసుకోండి. ఆ రోజు ఎవరెవరు పని మానాలో అందులో పేరుపేరునా ఉంది. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పరదేశి, చివరికి పశువులు కూడా. దేవుడు ఎద్దుకు కూడా సెలవిచ్చాడు. మన ఇంటి ఇల్లాలికి మాత్రం మనం ఇవ్వలేదు. వారానికి ఒక రోజు దేవుడు అందరికీ ఇచ్చాడు. ఆమె రోజును మనం వాడుకుంటున్నాం.

బెంగళూరులో, చెన్నైలో, బరంపురంలో, సోలాపూర్‌లో తరాల క్రితమే స్థిరపడిన మన తెలుగువారి ఇళ్లలో దీనికి ఇంకో బరువు తోడవుతుంది. బయట కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ. ఇంట్లో తెలుగు బతకాలి. పిల్లలకు తెలుగు బైబిలు చదవడం నేర్పేది, తెలుగు కీర్తనలు పాడించేది తల్లే. పిల్లవాడు తెలుగు తప్పు మాట్లాడితే తల్లినే అంటారు. 'మన పద్ధతులు' కాపాడే పని కూడా ఆడపిల్లకే. కొడుకు జీన్స్ వేసుకుంటే కాలం మారిందంటాం. కూతురు వేసుకుంటే మన సంస్కృతి ఏమైపోతుందంటాం. సోలాపూర్‌లో బీడీలు చుట్టే తెలుగు స్త్రీలను చూడండి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చాలామంది ఇంట్లో కూర్చునే చుడతారు కాబట్టి చూసేవాళ్లకు అది పనిలా కనబడదు. కూలి పని, ఇంటి పని ఒకే గదిలో, ఒకే చేతుల మీదుగా నడుస్తాయి. అయినా ఎవరైనా అడిగితే, "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండి" అంటారు.

ఆ మాటల సంగతి కూడా చూద్దాం. ప్రభువు లేచాడన్న వార్త ముందుగా తెచ్చింది స్త్రీలు. అపొస్తలులు ఆ మాటను వెర్రిమాటగా కొట్టిపారేశారని లూకా దాచకుండా రాశాడు. క్రైస్తవ సంఘానికి అందిన మొట్టమొదటి సువార్తను చెప్పింది ఆడవాళ్లు, నమ్మనిది మగవాళ్లు. ఈరోజు సంఘ కమిటీలో ఒక అక్క లెక్కల గురించి అడిగితే "మీకెందుకమ్మా అవన్నీ" అంటాం. అదే ప్రశ్న పక్కనున్న అన్న అడిగితే రికార్డులో రాస్తాం.

మాటలు చిన్నవి కావని న్యాయస్థానం కూడా గుర్తించింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల కోసం ఒక చేతిపుస్తకం విడుదల చేసింది. తీర్పుల్లో 'విధేయురాలైన భార్య' లాంటి మాటలు వద్దు, 'భార్య' అంటే చాలు అని అందులో ఉంది. మన పెళ్లి ప్రసంగాల్లో ఆ మాట ఎన్నిసార్లు వినబడుతుందో ఒకసారి లెక్కపెట్టండి. విధేయుడైన భర్త అనే మాట విన్నామా? ఎఫెసీ పత్రికలో పౌలు భార్యలతో మాట్లాడే ముందే విశ్వాసులందరినీ ఒకరికొకరు లోబడి ఉండమన్నాడు. ఆ వచనం దాటేసి తర్వాతి వచనం దగ్గరే మనం మొదలుపెడతాం.

ఆడవాళ్లకు వాక్యం ఏం తెలుసు అనేవారికి పండిత రమాబాయిని గుర్తుచేయాలి. ఈనాటి కర్ణాటకలో 1858లో పుట్టి, పుణె దగ్గర కేడ్‌గావ్‌లో నిరాశ్రయులైన స్త్రీలకు ముక్తి మిషన్ స్థాపించి, బైబిలును మరాఠీలోకి అనువదించిన మనిషి ఆమె. మన తెలుగు నేలమీద కూడా 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆవిడ. అయినా చాలా సంఘాల్లో ఆడవాళ్లకు దక్కే పరిచర్య ముగ్గులు, పూలు, పాటలు, పాయసం వరకే.

ఇక వాటా. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట నిలబడి, తండ్రి భూమిలో తమ భాగం అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే చెప్పాడు. మనలో ఎక్కువమంది క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే, తల్లికి మూడో వంతు పోగా మిగిలింది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. కేరళలో తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవ స్త్రీలకు ఆ హక్కు కూడా ఉండేది కాదు. అక్కడి పాత చట్టంలో కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా ఐదు వేల రూపాయలు, ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ అనే క్రైస్తవ స్త్రీ కోర్టుకెక్కి పోరాడితే 1986లో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. మన దగ్గర చట్టం ఉంది, వాటా మాత్రం అందదు. "కట్నం ఇచ్చాం కదమ్మా, అన్నయ్యకు సంతకం పెట్టెయ్" అంటారు. 1961 నుంచి నేరమైన కట్నాన్ని చూపించి, చట్టం ఇచ్చిన హక్కును తీసేసుకుంటారు. పెట్టకపోతే పుట్టింటి గుమ్మం మూసుకుంటుందని ఆమె పెట్టేస్తుంది.

ఇంతవరకు విన్నాక కొందరు పెద్దలు అంటారు: "ఇదంతా ఫెమినిజం పాస్టర్ గారూ. పాశ్చాత్యుల గాలి. కుటుంబాలు చెడిపోతాయి." పెద్దలను మేము గౌరవిస్తాం. వారిని ఒక్కటే అడుగుతాం. ఒకరి నిద్ర మీద, ఒకరి మౌనం మీద నిలబడిన ఇంటిని ఇప్పటికే బాగున్న ఇల్లు అనగలమా? ఫెమినిజం అంటే మగవాడి మీద యుద్ధం కాదు. స్త్రీ కూడా దేవుని స్వరూపంలోనే ఉందని ఆదికాండం మొదటి అధ్యాయం చెప్పిన మాటను వంటగదిలో, కమిటీలో, రిజిస్ట్రార్ ఆఫీసులో నమ్మడం.

మార్త మరియల కథ మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. మార్తలా కంగారుపడకండి, మరియలా ప్రభువు పాదాల దగ్గర కూర్చోండి అని స్త్రీలకు చెప్తాం. మంచిదే. ప్రసంగం అయ్యాక భోజనం మాత్రం మార్తే వండాలి! అన్నలారా, మనం లేచి వంటగదిలోకి వెళ్తే మార్త కూడా వచ్చి కూర్చుంటుంది. ఇందులో చిన్నతనం లేదు. పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రాత్రంతా వలలు లాగి అలిసిపోయిన శిష్యులను భోజనానికి పిలిచాడు.

అందుకే యవ్వనస్తులారా, మీ ముందు ఐదు పనులు పెడుతున్నాం. వచ్చే ప్రేమవిందులో వడ్డన, గిన్నెలు మగపిల్లలు తీసుకోండి. ఇంట్లో అమ్మకు వారంలో ఒక పూట పూర్తిగా సెలవివ్వండి, ఏం వండాలన్న ఆలోచన కూడా ఆమెకు లేకుండా. మీ సంఘ కమిటీలో ఎంతమంది స్త్రీలున్నారో, వాళ్ల మాట ఎన్నిసార్లు రికార్డులోకి ఎక్కిందో అడగండి. అక్కచెల్లెళ్లను వాటా వదులుకోమని సంతకం అడిగే రోజు వస్తే, ఆ కాగితం తీసుకోకండి. ఎవరైనా సహోదరి ఇంట్లో హింసను ఎదుర్కొంటుంటే 181కి ఫోన్ చేయవచ్చని చెప్పండి, ప్రార్థనతో పాటు తోడుగా వెళ్లండి.

సహోదరీలారా, మీకు మాత్రం పనులేమీ చెప్పం. మీ చేతుల్లో ఇప్పటికే చాలా ఉన్నాయి. అడగాలనిపించింది అడగండి. వినడం మా వంతు.

ప్రభువు మీకు తోడై ఉండునుగాక. ఆమేన్.