ఫ్రెంచివారి అయ్యోలు, ఔరాలు

మనుష్యునకు దెబ్బ తగిలినను, ఆశ్చర్యము కలిగినను ఆలోచనకంటె ముందుగా నోట నొక మాట వెడలును. మనము అయ్యో, అమ్మో, ఔరా, భళా అందుము. వైయాకరణులు వీనిని అవ్యయములని చెప్పి ఊరకుందురు. కాని యీ చిన్న మాటల వెనుక ఒక జాతివారి దుఃఖము, భయము, న్యాయాపేక్ష దాగియుండును. గోదావరీ తీరమునందలి మన యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. ఆ ఫ్రెంచివారి నోట వెడలు కొన్ని మాటల పుట్టుకను నేడు మనవి చేసెదను.

మొదటిది దుఃఖము. మన అయ్యో వంటి మాట వారికి 'ఎలాస్'. ఇందు 'ఎ' అనునది కేక. 'లాస్' అనగా అలసినవాడు, దీనుడు. పూర్వము పురుషుడు 'ఎ లాస్' అనియు, స్త్రీ 'ఎ లాసె' అనియు తమ దైన్యమును చెప్పుకొనెడివారు. కాలక్రమమున లింగభేదము పోయి అందరికిని ఒకే రూపము మిగిలినది. నేడు 'దురదృష్టవశమున' అను నర్థమున దీనిని మాటల నడుమ వాడుచున్నారు.

రెండవది భయము. మన పెద్దలు ఉలికిపడినపుడు రామరామ, శివశివ అందురు, అది పుణ్యమే. క్రైస్తవ మతమున దేవుని నామమును వ్యర్థముగా ఉచ్చరింపరాదని ఆజ్ఞ కలదు. అయినను కోపము వచ్చిన ఫ్రెంచివాడు 'పార్ ద్యో', అనగా దేవుని తోడు, అనియు, 'మోర్ ద్యో', అనగా దేవుని మరణము తోడు, అనియు ఒట్టు పెట్టుకొనెడివాడు. 13వ శతాబ్దమున తొమ్మిదవ లూయీ రాజు ఇట్టి పలుకులకు కఠినశిక్షలు విధించెను. పదునాలుగవ లూయీ 1666లో చేసిన శాసనము ప్రకారము మొదట జరిమానా, మానకున్నచో బొండకొయ్య, ఆరవమారు పైపెదవిని, ఏడవమారు క్రిందిపెదవిని కోయుదురు. అప్పటికిని మానకున్న నాలుకయే పోవును.

ఇట్టి దైవభయ రాజభయముల నడుమ జనులు పూర్వమే యొక యుపాయము పన్నియుండిరి. దేవుడని యర్థమిచ్చు 'ద్యో' తీసివేసి, దానితో ప్రాస కుదురు 'బ్లో' అను మాట చేర్చిరి. 'బ్లో' అనగా నీలిరంగు. ఒట్టునకును నీలిరంగునకును సంబంధము లేదు; నాలుక దక్కిన చాలును. పార్‌బ్లో, మోర్‌బ్లో, సాక్రెబ్లో అనునవి యిట్లు పుట్టినవే. రాత్రివేళ పామును పామనక పురుగు అనుట మనకు తెలిసినదే గదా. 1791 నాటి శిక్షాస్మృతితో ఆ నేరమే లేకుండ పోయినది. నేడు ఫ్రాన్సులో సాక్రెబ్లో అనువారు మిక్కిలి అరుదు. పరదేశులు ఫ్రెంచివారిని అనుకరించునపుడే అది యెక్కువగా వినబడును.

నేడు వీథిలో వినబడు మాటలు వేఱు. 'త్యేఁ' అనగా పట్టుకొనుమని యర్థము. వస్తువు చేతికిచ్చునపుడును, అనుకొననివాడు ఎదురైనపుడును ఈ మాటయే. మన 'ఇదిగో' కూడ నిట్టిదే. తాళపుచెవి జారిపడినచో 'జ్యుత్' అందురు. 'ఓ లా లా' అనునది సంతోషసూచకమని పరదేశులు తలతురు. కాని రైలు తప్పిపోయినను, బిడ్డకు దెబ్బ తగిలినను ఫ్రెంచితల్లి అనునది ఆ మాటయే. అర్థమంతయు స్వరమున నుండును.

ఇక మూడవది న్యాయాపేక్ష. నార్మండీ ప్రాంతమున 'హారో' అను కేక యుండెను. 'ఇటు రండు' అను నర్థముగల పాత జర్మానిక పదము దీనికి మూలమని పెక్కుమంది పండితుల మతము. పూర్వము నార్మండీలో చేరియుండి, నేడు ఇంగ్లండు రాజునకు లోబడిన జెర్సీ, గెర్న్‌సీ ద్వీపములలో ఈ కేకకు ఇప్పటికిని చట్టబలము కలదు. తన భూమి నొకడు ఆక్రమించుచుండగా హక్కుదారుడు సాక్షుల యెదుట మోకరించి ముమ్మారు హారో అని, ప్రభువా రక్షింపుము, నాకు అన్యాయము జరుగుచున్నదని ఫ్రెంచిభాషలో మొఱపెట్టవలెను. అంతట న్యాయస్థానము విచారించువరకు పని ఆగిపోవలసినదే. మన పూర్వులు రాజు ఆన పెట్టి పని నాపించుట ఇట్టిదే.

1087లో ఇంగ్లండును జయించిన విలియము రాజును కాన్ పట్టణమున పాతిపెట్టబోవుచుండగా అస్సెలిన్ అనువాడు లేచి, ఈ నేల నా తండ్రిది, బలిమిచే హరింపబడినది, ఇచట పాతిపెట్టరాదని అడ్డగించెను. పీఠాధిపతులు విచారించి, గోతిపట్టునకు 60 సూలు అక్కడనే చెల్లించిన పిమ్మటనే కార్యము సాగినది. ఇదియు హారోయే యని తరువాతివారు చెప్పుకొందురు.

ఆ మాటయే నేటి వాడుకలో, ఒకనిపై పదుగురు కలిసి నింద మోపుట అను నర్థమునకు మారినది. లా ఫోంతేన్ 1678లో ప్రకటించిన కథలలో, జంతువులకు తెగులు వచ్చినపుడు పాపియెవడని విచారణ జరుగును. గొఱ్ఱెలను, గొఱ్ఱెలకాపరిని సైతము తిన్న సింహమును విడిచి, కొంచెము గడ్డి కొఱికిన గాడిదపై అన్నియు హారో అని యరచును.

ఒక్కడు పలికినపుడు రాజు శవమును నిలిపిన కేక, గుంపు పలికినపుడు గాడిద ప్రాణము తీసెను. రచ్చబండ కడ తగవు వినువారు కేక యెంత బిగ్గరగా నున్నదని చూడక, అది యెవరి నోట, ఎవరిపై వచ్చినదో మొదట విచారింపవలయును.