గోదావరి నీట కోటిలింగాల



మాది గోదావరికి ఎడమగట్టున, మంచిర్యాలకు చేరువనున్న శ్రీరాంపూర్. నేలను త్రవ్వి బొగ్గు తీయుట మావారికి నిత్యకృత్యము. ఇచ్చటికి ఎగువన, కుడిగట్టున, నేలను త్రవ్వి రెండువేల యేండ్లనాటి పట్టణమునే వెలికి తీసిరి. అది కోటిలింగాల.

పెద్దవాగు గోదావరిలో కలియుచోట నున్న యా దిబ్బను 1980 ప్రాంతమున పురావస్తుశాఖవారు త్రవ్వగా ఇటుక కట్టడములు బయల్పడినవి. శాతవాహన వంశమునకు మూలపురుషుడని పలువురు పండితులు తలచు శ్రీముఖుని నాణెములు అచ్చట దొరకినవి. అంతకు ముందువారగు గోబద, నారన, సమగోపులవియు దొరకినవి. పురాణములలో విన్న పేరు లోహముపై కానవచ్చుట సామాన్యమా?

పిదప ఎల్లంపల్లికడ 20 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టు జలాశయము కట్టిరి. నేను దానిని నిందింపను. హైదరాబాదు నగరమును ఆ నీరు త్రాగుచున్నది. కాని త్రవ్విన నేలలో చాలభాగము మునిగినది. నాగార్జునకొండ కట్టడములను మునుగకముందే కొండపైకి తరలించిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపురమున తిరిగి లేచినది. రాతిగుడిని విప్పి కట్టవచ్చును. మంటిదిబ్బను ఎట్లు మోయుదుము?

ఇటుకకు నిలిచిన నీటికంటె ఎక్కి దిగు నీరు చేటు. తడిసి, ఎండి, మరల తడిసి అది పొరలుగా రాలును. అలలు గట్టును కోయును. దీనికితోడు వానల తీరు మారినది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో నూటికి సుమారు 7 పాళ్లు ఎక్కువ తేమను మోయగలదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ తేమ ఒక్కపెట్టున కురిసిన నేమగునో మనము చూచితిమి. 2022 జూలైలో కడెం జలాశయమునకు, దాని తలుపులు విడువగల దానికంటె నెక్కువ వరద వచ్చినది; మంచిర్యాలలో ఇండ్లు మునిగినవి.

కావున భారీవానల వార్త అందినంతనే జలాశయమును ముందుగా, మెల్లగా దింపవలెను. వడిగా దింపినచో తడిసిన గట్టు విరిగి పడును. దిబ్బ మిగిలిన అంచునకు రాతికట్టు వలయును. నేల బయల్పడు కొలది దినములలో కొలతలు, ఛాయాచిత్రములు తీయవలెను.

ఆనాటి త్రవ్వకములను కన్నులార చూచినవారు, మట్టిగంపలు మోసినవారు మీలో ఉందురు. ఏ గోడ యెచ్చట నుండెనో, కాగితమున కెక్కనిది మీకు జ్ఞప్తి యుండవచ్చును. వేసవిలో నీరు తగ్గగనే చదువు వచ్చిన మనుమని వెంటబెట్టుకొని పోయి ఆ చోట్లు చూపుడు, వ్రాయింపుడు. నాణెమో కుండపెంకో కాలికి తగిలినచో ఇంటికి కొనిపోక తాసీల్దారుగారికి తెలుపుడు. జ్యేష్ఠము వెళ్లకమునుపే ఈ పని కావలయును. ఆషాఢమున గోదావరి మరల ఎక్కును.