మందుల కోర్సు ముగిశాక ఏం చెయ్యాలి?

(చీపురుపల్లిలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 చివరలో స్క్రబ్ టైఫస్ జ్వరం వల్ల మన చీపురుపల్లి మండలం పేరు పత్రికలకెక్కింది. ఒక సోదరి ప్రాణం పోయింది. ఆ తరువాత కొద్ది రోజులకే నాకూ అదే జ్వరం తగిలింది. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లి వంటి చిన్న పురుగు పిల్ల కుడితే ఇది వస్తుంది. చాలామందికి కుట్టినచోట కాలినట్టు నల్లని చెక్కు కడుతుంది. నా చంకలో అది చూసి డాక్టరుగారు పరీక్ష ఫలితం కోసం ఆగకుండానే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. అయినా 7 రోజుల కోర్సూ పూర్తిచేశాను.

అసలు చిక్కు ఎనిమిదో రోజున వచ్చింది. జ్వరం లేదు గాని ఒకటే నీరసం. "ఇంకో కోర్సు వాడెయ్యండి మాస్టారూ" అన్నారు మందుల షాపులో. మా అబ్బాయి విశాఖపట్నం వచ్చెయ్యమన్నాడు. "వైద్యం చేసిన డాక్టరుగారినే అడుగుదాం" అంది మా ఇంటావిడ. ఆమె మాటే నెగ్గింది.

డాక్టరుగారు ఊపిరితిత్తులు, కిడ్నీ, లివరు పరీక్షలు చూసి ఇలా చెప్పారు: "నీరసం తగ్గడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. దానికి యాంటీబయాటిక్ మందు కాదు. రక్తపరీక్ష మళ్లీ చేయిస్తే పాజిటివ్ అనే రావచ్చు. రోగం తగ్గినా ప్రతిరక్షకాలు నెలల తరబడి రక్తంలో ఉంటాయి. ఆ కాగితం చూసి మందు మింగకండి. అయితే జ్వరం తిరగబెట్టినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా, కళ్లు పచ్చబడినా, మగతగా ఉన్నా ఒక్క పూట కూడా ఆగవద్దు."

అలాంటప్పుడు వేరే మందు అవసరం కావచ్చు, లేదా మలేరియా, టైఫాయిడ్ వంటి మరో జబ్బు ఉండవచ్చు. అది తేల్చవలసింది డాక్టరే.

మిత్రులారా! డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినప్పుడు, అమెరికాలోని లెడర్లీ పరిశోధన విభాగాన్ని నడిపినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అటువంటి మందును అవసరం లేకుండా వాడితే సూక్ష్మజీవులు దానికి లొంగకుండా పోతాయి. రేపు మన మనవలకు పనిచెయ్యదు.

కనుక నా మనవి ఒక్కటే. కోర్సు ముగిసేనాడు డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి. జబ్బు తగ్గిందని ఎలా తెలుస్తుంది? ఏ లక్షణం కనిపిస్తే మళ్లీ రావాలి? నా బీపీ, షుగరు మందుల్లో మార్పేమైనా ఉందా? జవాబులు కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి.